అమ్మ బాకీలు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. పర్లాకిమిడి అటు వెళ్ళింది, మహేంద్రతనయ నదికి ఇవతలున్న పాతపట్నం ఇటే ఉండిపోయింది. ఆ తర్వాత రెండు నెలలకి, ధాత నామ సంవత్సరం జ్యేష్ఠంలో, కాశీనగరంలో మా అమ్మ పుట్టింది. వయసెంత అని ఎవరడిగినా "ఒరిస్సా వయసే నాదీ" అనేది. 2024 కార్తీకంలో, 88 ఏళ్ళు నిండాక వెళ్ళిపోయింది.

పోయే ముందు ఒక రాత్రి నన్ను మంచం దగ్గరకి పిలిచి కాగితం, పెన్ను తెమ్మంది.

"ఓలమ్మీ, నాకు నాలుగు బాకీలున్నాయి. రాసుకో. బాకీ ఉంచుకుని పోతే వాళ్ళింట ఎద్దై పుట్టాల."

"ఇన్నాళ్ళూ ఎందుకు తీర్చలేదమ్మా?" అన్నాను.

"తీర్చబోతే వాళ్ళు పుచ్చుకుంటేగా. బతికున్న మనిషి దగ్గర మొహమాటపడతారు. పోయాక వెళ్ళి ఇవ్వు, పుచ్చుకుంటారు. ఏడాది తిరగనీ."

రైలుకి 11 టికెట్లు. పర్లాకిమిడిలో కొమ్ము పనివారింటికి 14 రూపాయలు. కాశీనగరం అప్పకి రెండు కుంచాల బియ్యం. గుణుపురం దగ్గర కొండ మీది నేస్తానికి బస్తా ఉప్పు, అదీ నౌపడ ఉప్పు. ఇవి రాయించాక కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ మరోసారి లెక్క చూసుకుంది. "అంతే" అంది.

మొన్న కార్తీక బహుళంలో సంవత్సరీకం అయింది. మార్గశిరం రాగానే బయలుదేరాను. తోడుగా మా తమ్ముడి కూతురు వచ్చింది. భువనేశ్వర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు గలగలా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. అందుకని నా దగ్గరున్న కాగితం నేను చదివి వినిపిస్తే, తన ఫోనులో ఒడియాలో మళ్ళీ రాసుకుంది. నానమ్మ బాకీలు ఇప్పుడు రెండు లిపుల్లో ఉన్నాయి.

మొదటి రోజు, 2025 నవంబరు 25, మంగళవారం

మంగళవారం ప్రయాణం పెట్టుకుంటే అమ్మ ఒప్పుకునేది కాదు. అప్పు తీర్చడానికి మాత్రం మంగళవారమే మంచిదనేది, ఆ రోజు తీరిస్తే మళ్ళీ అప్పు చేసే అవసరం రాదట. ఈ రెండో మాటను పట్టుకుని విశాఖ నుంచి నౌపడ వచ్చాం.

నౌపడలో ఉప్పు కొఠార్ల దగ్గర మా చిన్నాన్న కొడుకు పాతిక కిలోల కళ్ళుప్పు బస్తా కట్టించి ఉంచాడు. గోనెసంచి అడుగు అప్పటికే తడిగా ఉంది. "ప్యాకెట్ల ఉప్పు గుణుపురంలోనే దొరుకుతుంది కదా అత్తా, ఇంత బరువు మోసుకెళ్ళడం ఎందుకు?" అంది కోడలు. అడగాల్సిన ప్రశ్నే. కానీ అమ్మ చెప్పినది నౌపడ ఉప్పు. బాకీ ఏ సరుకైతే ఆ సరుకే ఇవ్వాలి.

ఈ రైలుదారి కథ మా ఇంటి కథే. 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ ఊరికి రెండున్నర అడుగుల సన్న పట్టాల మీద బండి వేయించారు. 1931 నాటికి అది గుణుపురం చేరింది. మా తాతయ్య ఆ దారి మీద కాశీనగరం దగ్గర గ్యాంగ్‌మన్. అమ్మ పట్టాల పక్కనే పెరిగింది. నా చిన్నప్పుడు కూడా ఆ చిన్న బండి నడిచేది. ఉప్పు బస్తాలు కొండల వైపు ఎక్కేవి, తిరుగు బండిలో చింతపండు, అడ్డాకు కట్టలు దిగేవి. 2004లో ఆ పట్టాలు పీకి పెద్ద లైను మొదలుపెట్టారు. 2011లో పెద్ద బండి గుణుపురం దాకా వెళ్ళింది. అప్పటికి అమ్మకి 75 ఏళ్ళు. మొదటి నెలలోనే ఎక్కి వెళ్ళొచ్చి, "కిటికీలు ఎత్తుగా ఉన్నాయే, గట్టు మీది మనుషుల మొహాలు కనబడవు" అని నొచ్చుకుంది.

11 టికెట్ల సంగతి ఇది. 1971 శ్రావణంలో నాన్న పోయారు. బియ్యం మిల్లులో గుమాస్తా ఆయన. అమ్మకి 35 ఏళ్ళు, మేం ఐదుగురం. పెద్దదాన్ని నేను, పదేళ్ళు. విస్తళ్ళు కుట్టి అమ్మాలనుకుంది. ఆకు పర్లాకిమిడిలో కొంటే మిగిలేది లేదు, గుణుపురం సంతకి వెళ్ళి తేవాలి. వెళ్ళడానికి టికెట్టు కొనేది. వచ్చేటప్పుడు చేతిలో ఉన్నదంతా ఆకుకే పోయేది. తల మీద కట్టతో ఎక్కి తలుపు దగ్గర నిలబడేది. గార్డు చూసేవాడు, మొహం పక్కకి తిప్పుకునేవాడు. అలా 11 సార్లు. ఆ తర్వాత ఎన్నడూ టికెట్టు లేకుండా ఎక్కలేదు.

నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం. నది దాటగానే పర్లాకిమిడి. స్టేషన్ బయట రిక్షా అతను ముందు ఒడియాలో పిలిచాడు, నా మొహం చూసి తెలుగులోకి మారిపోయాడు.

రెండో రోజు, బుధవారం, పర్లాకిమిడి

ఇంట్లో ఇప్పుడు చిన్న తమ్ముడు ఉంటున్నాడు. వీధి అరుగు మీద సిమెంటు చేసేశారు. మూలన అమ్మ కూర్చునే చోట మాత్రం నున్నటి నల్లరాయి అలాగే వదిలేశారు. మరదలు చెప్పింది: "అది తీయొద్దని ఆయనే పనివాళ్ళ దగ్గర కూర్చున్నారు వదినా."

ఆ రాయి కింద ఆకులు పరిచేవాళ్ళం. సంత నుంచి వచ్చిన అడ్డాకును నీళ్ళు చిలకరించి తడిగోనెలో చుట్టి ఒక రాత్రి ఉంచాలి. లేకపోతే కుట్టేటప్పుడు పెళుసుగా విరుగుతుంది. పొద్దున్నే ఒక్కొక్కటీ అరచేత్తో సాపు చేసి రాయి కింద పెట్టాలి. ఆ పని తమ్ముళ్ళది. ఈనెపుల్లలు చీల్చి, మొనలు తీయడం నాది. మధ్యలో పెద్దాకు, చుట్టూ ఒకదాని అంచు మీద ఒకటి, పుల్ల గుచ్చి విరవడం, మళ్ళీ గుచ్చడం. అమ్మ చూడకుండా కుట్టేది. చూపు మా పుస్తకాల మీద ఉండేది. రాత్రి కిరసనాయిలు దీపం ముందు మేం ఐదుగురం గట్టిగా చదవాలి, అది ఆవిడ చట్టం. పెద్దవాళ్ళం ఇద్దరం తెలుగు బడి, తర్వాతి ముగ్గురూ ఒడియా బడి. ఏ బడిలో చోటు దొరికితే అందులో వేసింది. అమ్మకి ఏ లిపీ రాదు. అయినా తమ్ముడు పాఠంలో ఒక వాక్యం దాటేస్తే, "నిన్న అక్కడ ఇంకోటేదో ఉందే" అని ఆపేది. రెండు భాషల పాఠాలూ చెవితోనే పట్టుకుంది.

నూరు విస్తళ్ళు ఒక కట్ట. వైశాఖంలో పెళ్ళిళ్ళ రోజుల్లో వేలు వాచి, పుల్ల మొన గోటి కింద గుచ్చుకున్నా కుట్టేది. త్యాగం అనే మాట అమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. లెక్క అనేది. "ఈ నెల లెక్క సరిపోయింది" అన్న రోజున మా ఇంట్లో బెల్లంతో పరమాన్నం ఉండేది. నా బి.ఎ., తమ్ముళ్ళ ఉద్యోగాలు, చెల్లి పెళ్ళి, అన్నీ ఆ కట్టల్లోంచి వచ్చినవే. 80 దాటాక కుట్టు మానిపించాం. మానిపించామని మేం అనుకున్నాం. వీధిలో ఎవరింట్లో పెళ్ళయినా పది విస్తళ్ళు ఆవిడ చేతివి వెళ్ళేవి.

ఆవిడ కార్తీకం గురించి చెప్పకుండా ఈ ఊరు దాటలేను. ఒడియావాళ్ళకి నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. వాళ్ళ కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందు మొదలై పున్నమికి అయిపోతుంది. మనది దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా ఉంటుంది. అమ్మ రెండూ పట్టేది. పక్కింటి ఒడియా అమ్మలతో ముందు పదిహేను రోజులూ ఒంటిపూట, వాళ్ళు మానేశాక మన ముత్తయిదువులతో పోలి పాడ్యమి దీపాల వరకూ. మొత్తం 45 రోజులు. "ఇరుగుపొరుగు ఉపాసం ఉంటే నాకు ముద్ద దిగుతాదా" అనేది. అందుకే కాబోలు, వీధిలో అందరికీ ఆవిడ మావుసి, ఒడియాలో పిన్నమ్మ అని. తెలుగు పిల్లలు కూడా అలాగే పిలిచేవారు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్ని విరిచేసినప్పుడు ఆవిడకి 82. కరెంటు లేదు, ఫోను లేదు. మేం చేరేసరికి అరుగు మీద మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద గంజి, చుట్టూ వీధి.

సాయంత్రం కొమ్ము పనివారింటికి వెళ్ళాం. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలకి పేరున్న ఊరు. దున్న కొమ్మును నిప్పు సెగకి మెత్తబరిచి, వంచి, చెక్కి, కొంగలూ రొయ్యలూ దువ్వెనలూ చేస్తారు. 1981లో నా పెళ్ళికి అమ్మ వీళ్ళ దగ్గర ఒక దువ్వెన, ఒక కుంకుమ భరిణె తీసుకుంది. 14 రూపాయలు తక్కువైంది. అప్పటి పెద్దాయన పోయారు. కొడుకు ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని రొయ్య మీసాలు అతికిస్తున్నాడు. సంగతి చెప్పాను. చేతులు తుడుచుకుని, 14 రూపాయలు రెండు చేతులతో తీసుకుని, కళ్ళకద్దుకుని దేవుడి పటం దగ్గర పెట్టాడు. "ఇన్నేళ్ళయింది, ఇంకాస్త ఇస్తాను" అంటే, "మావుసి చెప్పినంతే" అన్నాడు. అమ్మ అన్నట్టే మొహమాటపడలేదు. ఆ భరిణె ఇప్పటికీ నా దగ్గరుంది, మూత కొద్దిగా వదులైంది. బాగు చేయడానికి తీసుకురమ్మన్నాడు.

మూడో రోజు, లక్ష్మివారం, కాశీనగరం

వంశధార ఒడ్డున ఊరు. బండి దిగేసరికి ఇళ్ళ ముందు బియ్యప్పిండితో వేసిన లక్ష్మీపాదాలు, వరికంకుల ముగ్గులు ఇంకా తడిగా ఉన్నాయి. మార్గశిర లక్ష్మివారాల్లో ఒడియా ఇళ్ళలో వడ్లు నింపిన మాణాన్ని, అంటే కొలపాత్రని, లక్ష్మిగా నిలిపి పూజిస్తారు. మా తెలుగిళ్ళలోనూ మార్గశిర లక్ష్మివారం పూజ ఉంది. ఈ ఊళ్ళో ఏది ఎవరిదో విడదీయడం కష్టం, నాకు ఆ అవసరమూ కనబడలేదు.

ఈ రోజు ఇంట్లోంచి గింజ బయటికి పోనివ్వరు. లోపలికి వస్తే కళ్ళకద్దుకుంటారు. బియ్యం ఇవ్వడానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదని రోజు చూసే ఇక్కడికి పెట్టుకున్నాను.

అమ్మ అప్ప అన్నది మా పెద్దమ్మని, అమ్మకి పెదనాన్న కూతురు. 92 ఏళ్ళు. నడుం వంగింది, చెవులు బాగానే పనిచేస్తున్నాయి. గుమ్మంలోనే నన్ను పట్టుకుని మొహమంతా తడిమింది. "ఏటే గుంటా, చెల్లి లేకపోతే దారి మర్చిపోనావా?" అంది. నేను ఏడ్చాను. ఏడాదిగా ఎవరూ నన్ను గుంటా అని పిలవలేదు.

1971లో నాన్న పోయిన పన్నెండో రోజుకి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. అప్ప కాశీనగరం నుంచి రెండు కుంచాల బియ్యం మూట కట్టి, భర్తకి చెప్పకుండా, అదే చిన్న బండిలో పంపింది. అమ్మ ఆ బియ్యం గురించి మాకెప్పుడూ చెప్పలేదు, కాగితం మీద రాయించే రాత్రి దాకా.

అమ్మ ఇత్తడి కుంచం సంచిలో తెచ్చాను. నాలుగు మానికలు పడుతుంది. అంచు ఒక చోట నొక్కుకుపోయింది. పెద్దమ్మ దాన్ని చూసి, "ఇది మా అమ్మ పెట్టిన కుంచం కాదా" అంది. చాప పరిచి కొలిచాను. చేత్తో అంచుకి సమంగా తుడవబోతే నా మణికట్టు పట్టుకుంది.

"నాను అలా పంపలేదే. పైన గోపురం లేచేలా కొలిచినాను."

సరే అని గోపురంలా పోశాను. జారినవి జారుతున్నా మళ్ళీ మళ్ళీ పోశాను. రెండో కుంచం నిండాక ఆవిడ ఒక గుప్పెడు తీసి మాణం ముందు పోసింది. మిగతావి తన బియ్యం కుండలో కలిపేసింది. కోడలు పిల్ల ఈ మొత్తం వ్యవహారం చూస్తూ గోడకానుకుని కూర్చుంది. మధ్యాహ్నం తిన్న అన్నం మాత్రం ఆ బియ్యంది కాదు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "బాకీ బియ్యం వచ్చినవాళ్ళకి పెడతారా?"

చోడంబలి, వెదురుకొమ్ముల కూర, వంకాయ. పొద్దుపోయే దాకా ఇద్దరమ్మల చిన్నతనం విన్నాం. పట్టాల మీద చెవి పెట్టి బండి ఎంత దూరంలో ఉందో చెప్పే పందెంలో అమ్మే గెలిచేదట. ఎనిమిదేళ్ళ మా అమ్మ నా కళ్ళ ముందు నిలబడింది. ఈ ప్రయాణానికి వచ్చినందుకు నాకు ఇది చాలు అనిపించిన గంట అది.

నాలుగో రోజు, శుక్రవారం, గుణుపురం, కొండ మీది ఊరు

గుణుపురంలో దిగి, తమ్ముడి స్నేహితుడు కుదిర్చిన జీపులో ఉప్పు బస్తా వేసుకుని కొండెక్కాం. అక్కడి సవరల మాట అమ్మకి కొంత వచ్చు. సంతలో ఆకు బేరానికి సరిపడా నేర్చుకుంది. సవర భాషను ఎవరూ పట్టించుకోని రోజుల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెబుతూనే ఆ భాష నేర్చుకుని, నిఘంటువు రాశారు. ఆయన 1936లో, అమ్మ పుట్టిన ఏడే, పర్లాకిమిడి ఒరిస్సాలోకి వెళ్ళిందని ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. అమ్మకి ఆయన ఎవరో తెలియదు. ఆవిడ నేర్చుకున్న మాటలన్నీ ఒక్క మనిషి దగ్గరే.

ఆ మనిషే నేస్తం. సంతలో ఒకరికొకరు పూలు, పసుపు ఇచ్చుకుని నేస్తం కట్టుకున్నారు. అలా కట్టుకున్నాక పేరు పెట్టి పిలుచుకోరు, నేస్తం అనే పిలుస్తారు. నాన్న పోయిన ఏడు ఆవిడ సీజనంతా ఆకు అరువిచ్చింది. డబ్బు వద్దు, కింద నుంచి ఉప్పు తెచ్చిపెట్టు, చాలు అంది. అమ్మ తేవడం మొదలుపెట్టి చాలావరకు తీర్చింది. చివరి బస్తా మిగిలి ఉండగా ఆవిడ సంతకి రావడం మానేసింది.

నేస్తం రెండేళ్ళ క్రితం పోయిందట. కూతురు ఉంది, నా ఈడుది. ఎర్రమట్టి గోడ ముందు నిలబడి మమ్మల్ని చాలాసేపు చూసింది. కోడలు ఒడియాలో చెప్పింది. ఆవిడ బస్తా దగ్గరికి వచ్చి, కొసన తడిని వేలితో తాకి నోట్లో పెట్టుకుంది. తెచ్చిన చీర తీసుకోలేదు. చీర లెక్కలో లేదంది. ఉప్పు లెక్కలో ఉంది.

తర్వాత ఒడియాలో ఏదో అడిగింది. కోడలు నా వైపు తిరిగి, "అత్తా, రెండు బస్తాలు కదా అంటోంది" అంది.

నాకు తెలిసినంతలో అమ్మ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఒకటేనని చెప్పించాను. ఆవిడ తల అడ్డంగా ఊపి నెమ్మదిగా వివరించింది. మొదటి ఏడు కాదు, మూడో ఏడు. వర్షాల్లో మీ అమ్మ నెల రోజులు సంతకి రాలేదు. పెద్దపిల్లకి జ్వరం, ఆసుపత్రిలో ఉంది అని ఎవరో చెప్పారు. మా అమ్మ ఆకు కట్టలు తనే మోసుకెళ్ళి బండెక్కించి పంపింది, ఒక్కసారి కాదు. దానికి ఒక బస్తా.

1973. టైఫాయిడ్. 12 ఏళ్ళ నాకు ఆసుపత్రి మంచం పక్కన అమ్మ విస్తళ్ళు కుట్టడం గుర్తుంది. అన్ని రోజులు ఆకు ఎక్కడి నుంచి వచ్చిందని నేనెప్పుడూ అనుకోలేదు.

కాగితం తీసి మళ్ళీ చూశాను. రైలు, కొమ్ము పని, బియ్యం, ఉప్పు. కొమ్ము పని నా పెళ్ళిది, అది ఊరంతా ఎరిగినదే. నా జ్వరం లేదు. తమ్ముడి ఫీజు లేదు. చెల్లి కాన్పు లేదు. మా ఒంటి మీద ఖర్చయినదేదీ మా చేత తీర్చమని రాయించలేదు. ఆ బస్తా మర్చిపోయిందో, కావాలని వదిలేసిందో. ఆ రాత్రి కళ్ళు మూసుకుని పెదాలు కదిపిన ఆ కొంచెంసేపూ దేని గురించి ఆలోచించిందో నాకు తెలుసనిపించింది.

రెండో బస్తా తెస్తానని నేస్తం కూతురి చేతిలో చెయ్యేసి చెప్పాను. అక్కడి నుంచే నౌపడకి ఫోను చేస్తే సిగ్నలు అందలేదు. ఆవిడ బస్తా విప్పి, అడ్డాకులు పరిచి, ఇంటికింత చొప్పున ఉప్పు పోయడం మొదలుపెట్టింది. పిల్లలు వచ్చి ఆకు మడిచి పట్టుకెళ్ళారు. మేం కదిలేసరికి గోనె సగానికి వచ్చింది.

సాయంత్రం గుణుపురం స్టేషన్. మా ఇద్దరి టికెట్లు విడిగా తీసుకున్నాం. తర్వాత కోడలు మళ్ళీ కౌంటరు దగ్గరికి వెళ్ళి, పర్లాకిమిడికి అని అడిగి, నా వైపు తిరిగింది.

"పదకొండేగా అత్తా?"

"పన్నెండు తీసుకో" అన్నాను.

లోపలి అతను మా వెనక ఎవరున్నారా అని తొంగి చూశాడు. ప్రయాణికులేరి అని అడిగితే, పిల్ల ఒడియాలో "మా నానమ్మకి" అని చెప్పింది. ఇంకేమీ అడగలేదు. నేను కట్టుకున్నది అమ్మ చీరే, ముదురాకుపచ్చది. టికెట్లు మడిచి, ఆవిడ డబ్బులు కట్టుకునే చోటే, కొంగు చివర ముడేశాను. బండి ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాలేదు. పిల్ల పట్టాల వైపు వంగి చూస్తూ, బండి ఎంత దూరంలో ఉందో చెప్పమంది.